వేప మాను నుంచి ద్వారబంధం దాకా

కొత్త ఇల్లు కట్టి ఏడాది తిరక్కుండానే తలుపు రెక్కల మధ్య వేలు దూరేంత సందు వస్తుంది. కిటికీ చట్రం మూల దగ్గర విచ్చుకుంటుంది. వెంటనే వడ్రంగిని తిట్టుకుంటాం. చాలా ఇళ్ళలో జరిగేది మాత్రం ఒకటే: పచ్చి కర్ర కోయించి, పచ్చిగానే బిగించేస్తారు. గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తుంటే కర్ర ఆరేదాకా ఎవరాగుతారు? వెనకటివాళ్ళు ఆగేవారు. ఇల్లు కట్టాలనుకుంటే ముందు మాను కొట్టించేవారు, పునాది సంగతి ఆ తర్వాత. దొడ్లో వేపో, చేనుగట్టు మీది తుమ్మో కొట్టి, దుంగల్ని చెరువులో నానేసి, తీసి కోయించి, పలకల్ని కొట్టంలో నీడపట్టున పేర్చి, అవి ఆరాకే బాడిస పట్టనిచ్చేవారు. ఈ పద్ధతిలో నమ్మకాల పాలు కొంత ఉన్నా, పనికొచ్చే లెక్క చాలా ఉంది. సొంత చెట్టున్నవాళ్ళు ఇప్పటికీ ఇంటి దగ్గర చేసుకోగల పని ఇది.

వేపనే తీసుకుందాం. వేపది మహాగని కుటుంబం. ముదిరిన మాను కోస్తే లోపల ఎర్రటి చేవ, దాని చుట్టూ తెల్లటి పొర కనిపిస్తాయి. వేపకర్ర చేదు కాబట్టి పురుగు పట్టదంటారు. చేవ వరకు అది చాలావరకు నిజమే గాని, తెల్లకర్రకు అంత రక్షణ లేదు. చెట్టు దాచుకున్న పిండిపదార్థం అందులోనే ఉంటుంది. కర్రను తొలిచి సన్నటి పిండి రాల్చే పురుగుకి అదే మేత. వేప ద్వారబంధానికి పురుగు పట్టిందని వాపోయేవాళ్ళ ఇంటికెళ్ళి చూడండి, చిల్లులు ఎక్కువగా ఆ తెల్లపొరలోనే ఉంటాయి.

చెరువులో నానేసేది ఇందుకే. నెలల తరబడి నానితే తెల్లకర్రలోని పిండి, చక్కెరలు పులిసి, కరిగి చాలావరకు బయటికి పోతాయి. నానిన దుంగను ఒడ్డుకు లాగినప్పుడు ముక్కు మూసుకోవలసి వచ్చేది అందుకే. పూర్తిగా మునిగిన దుంగకు గాలి అందదు కనుక కుళ్ళదు. కోయించే వీలు చిక్కేదాకా పగలదు కూడా. తాటి దూలాల్నీ వెదుర్నీ నానేసేది ఈ లెక్కనే. సగం నీళ్ళలో, సగం బయట ఉండేలా వదిలేస్తే మాత్రం రెంటికీ చెడ్డట్టే. తడీ గాలీ రెండూ తగిలే చోటే కర్ర కుళ్ళుతుంది. నానిన కర్రకు చెద పట్టదని కూడా అనుకోవద్దు; చెదకి పిండి అక్కర్లేదు, కర్ర పీచే చాలు. చెరువు అందుబాటులో లేనివాళ్ళు కోసిన పచ్చి పలకల్ని బోరాక్స్, బోరిక్ యాసిడ్ కరిగించిన నీళ్ళలో ముంచి, కొన్నాళ్ళు పట్టా కప్పి ఉంచవచ్చు. కర్రలోని తడి దారినే మందు లోపలికి పాకుతుంది. ఇది ఇంటి లోపలి కర్రకే పనికొస్తుంది. వాన తగిలే చోట మందు కరిగిపోతుంది.

పున్నమి రోజుల్లో కొట్టిన కర్రకు పురుగు పడుతుందన్న మాట పల్లెల్లో వినిపిస్తుంది. నేను దాన్ని పట్టించుకోను. కాలం మాత్రం చూసుకోవాలి. వానాకాలంలో కొట్టి నీళ్ళలో వేసి, కార్తీక మార్గశిరాల్లో కోయించడం మేలు. అప్పుడు వానలు తగ్గి ఉంటాయి, ఎండ తీవ్రత ఉండదు. వడగాలులు మొదలయ్యేనాటికి పలక పచ్చిదనం చాలావరకు వదిలించుకుంటుంది.

వెనకటి రోజుల్లో గొయ్యి తవ్వి, దానిమీద దుంగను పెట్టి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి పెద్ద రంపంతో కోసేవారు. రంగులో ముంచిన దారం సాగదీసి కొడితే పడ్డ గీత వెంట రంపాన్ని నడపడం పైవాడి పని. కిందివాడికి కళ్ళనిండా పొట్టే. ఇప్పుడు సామిల్లులో బ్యాండ్‌సా ఆ పనిని నిమిషాల్లో చేసేస్తుంది. మిల్లుకి తోలే ముందు మీ దుంగ కొలత మీరు కట్టుకోండి. వ్యాపారంలో వాడే పాత లెక్క ఇది: దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును అంతతోనే గుణించి, పొడవుతో మళ్ళీ గుణిస్తారు. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు ఉంటే 10 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం 12.7 దాకా ఉంటుంది. తక్కిందంతా కోతలో పోయే తరుగు కింద వదిలేస్తారన్నమాట.

మిల్లువాళ్ళు ఎంత తొందరపెట్టినా ఒక్కటి గట్టిగా చెప్పాలి: దుంగ నడిబొడ్డు ఏ చట్రం మధ్యలోనూ ఉండకూడదు. కారణం తెలుసుకోవాలంటే కర్రలో నీళ్ళ సంగతి చూడాలి. చాలా పచ్చి దుంగల్లో ఎండు కర్ర బరువులో సగం నుంచి దాదాపు అంత బరువు దాకా నీరే. ముందు కణాల బోలులో ఉన్న నీరు పోతుంది. అప్పుడు కర్ర తేలికవుతుందే గాని తగ్గదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక కణాల గోడల్లో ఇంకిన నీరు వదలడం మొదలవుతుంది. అసలు గొడవ అక్కడే. పొడవు దాదాపు మారదు. నడిబొడ్డు నుంచి బెరడు వైపు తగ్గేదానికి, వలయాల వెంబడి తగ్గేది సుమారు రెట్టింపు. వలయాల వాటంగా కోసిన 10 అంగుళాల పలక ఆరేసరికి అర అంగుళం దాకా పోవచ్చు. వలయాలకు అడ్డంగా కోస్తే పోయేది పావు అంగుళమే. టేకులో రెండూ తక్కువ, దాని పరువులో సగం ఈ గుణం వల్లే. నడిబొడ్డును కడుపులో పెట్టుకున్న చట్రం చుట్టూతా బిగుసుకుపోవాలని చూస్తుంది, లోపలి కర్ర అంతగా తగ్గదు. ఇక పగలక ఏం చేస్తుంది? కాబట్టి నడిబొడ్డు మీదుగానే కోత వేయించండి. 3 అంగుళాల చట్రం కావాలంటే పావు అంగుళం ఎక్కువ పెట్టించండి, ఆరాక చిత్రిక పట్టడానికి మిగలాలి కదా.

ఇక ఇంటి దగ్గర పని. దుంగ కొట్టిన రోజే, కోసిన పలకలకైతే ఆ పూటే, రెండు కొసలకూ పాత పెయింటో మైనమో మందంగా పూయాలి. నీరు కర్ర పక్కల నుంచి కంటే కొసల నుంచి ఎన్నో రెట్లు త్వరగా పోతుంది. కొసలు బీటలిచ్చేది అందుకే. పల్లెల్లో పేడా బురదా మెత్తేది దీనికే. నేలకు అడుగున్నర ఎత్తున ఇటుక దిమ్మెలు కట్టి, ఒకే మట్టంలో దూలాలు వేసి, వాటి మీద పలకలు పరవాలి. వరసకీ వరసకీ నడుమ అంగుళం మందం ఎండు బద్దలు, అడుగున్నరకొకటి చొప్పున పెట్టాలి. ఈ బద్దలు పై నుంచి కింది దాకా ఒకదాని మీద ఒకటి నిలువుగా రావాలి. ఒక్క బద్ద పక్కకు జరిగినా పైబరువుకి కింది పలక అక్కడే వంగి, ఆ వంకరలోనే ఆరి, మళ్ళీ సరికాదు. పచ్చి బద్దలు వాడితే పలక మీద చారలు మిగులుతాయి. పై వరస మీద రాళ్ళు పేర్చండి. మెలి తిరిగే గుణమున్న వేపకు ఆ బరువు చాలా అవసరం.

నీడ కావాలి, గాలి ఆడాలి, ఎండ పొడ తగలకూడదు. రోహిణి కార్తె ఎండకు పలక పైచర్మం ముందే ఎండి బిగుసుకుంటుంది. లోపల తడి అలాగే ఉంటుంది. కొన్నాళ్ళకు లోపలిది ఆరి తగ్గబోయి, పైది దానితోపాటు తగ్గక, కడుపులోనే చీలికలు వస్తాయి. బయటికి ఏమీ తెలియదు, ఉలి దిగినప్పుడు బయటపడతాయి. పడమటి గాలి గట్టిగా వీచే రోజుల్లో ఆ వైపు గోనె పట్టా కట్టండి. వానాకాలంలో పట్టా తీసేయకపోతే బూజు పడుతుంది.

అంగుళం పలకలు ఇలా నాలుగైదు నెలల్లో ఆరతాయి. చట్రాలకు ఏడాది పైనే పడుతుంది. మందం రెట్టింపైతే పట్టే కాలం రెట్టింపుతో ఆగదు. ఆరిందో లేదో చెప్పడానికి త్రాసు చాలు. ఒక చిన్న పలకను గుర్తు పెట్టి వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోతే ఆ ఊరి గాలికి కర్ర సమానమైనట్టే. అలవాటున్న వడ్రంగికి చిత్రిక చాలు. పచ్చి కర్ర పొట్టు చేతికి చల్లగా తగిలి మెత్తగా చుట్టుకుంటుంది, ఆరిన కర్రది నలిపితే పెళపెళలాడుతుంది.

ఆ ఊరి గాలి అన్నాను, కావాలనే. గాలిలో తేమ 65 శాతం ఉంటే కర్ర సుమారు 12 శాతం దగ్గర నిలుస్తుంది. 80 దాటితే 16 దగ్గర, 30కి దిగితే 6 దగ్గర. భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 287 దేశాన్ని నాలుగు మండలాలుగా విడగొట్టింది ఇందుకే. మచిలీపట్నంలో ఆరిన కర్రను హైదరాబాదులో ఏసీ గదికి అల్మారా చేయిస్తే మళ్ళీ తగ్గుతుంది. కొన్ని వారాలు ఆ ఇంట్లోనే పెట్టి, తర్వాత కోతకు దిగాలి.

అన్ని చెట్లూ ఈ శ్రమకు తగవు. నీలగిరి కోసీ కోయగానే తనలోని బిగువుతోనే చీలుతుంది. మామిడి త్వరగా ఆరుతుంది గాని, దుంగగా కొన్నాళ్ళు పడేస్తే నల్లబడి పురుగు పడుతుంది. వెంటనే కోసి పేర్చగలిగితేనే ముట్టుకోవాలి. నల్లమద్ది గట్టిదే, పగుళ్ళకు పెట్టింది పేరు. ఇంటి దగ్గర మొదటిసారి ప్రయత్నించేవాళ్ళకు వేపే నయం.

సొంత దొడ్లోదే అయినా చెట్టు కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలేమో, కలప తోలడానికి పత్రం కావాలేమో అటవీశాఖ వాళ్ళను అడగండి. ఇక గాలివానకు వేపచెట్టు కూలినప్పుడు కట్టెల అడితికి ఫోన్ చేసే ముందు ఒక వడ్రంగిని పిలిచి చూపించండి. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల సూటి మాను ఉంటే అందులో రెండు మూడు ద్వారబంధాలకు సరిపడా కర్ర ఉంటుంది.