గాలికి అంచు దొరకని పరదా

పామాయిల్ గెలలు దిగే రోజుల్లో దమ్మపేట రోడ్ల మీద బొలెరోలదే హడావుడి. తోటలో లోడెత్తుకుని అప్పారావుపేట ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీకో, అశ్వారావుపేట ఫ్యాక్టరీకో పోతాయి, దించేసి ఖాళీగా తిరిగొస్తాయి. కోసిన గెల నిల్వ ఉన్నకొద్దీ నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అందుకే ఆ బండ్లకు నిలకడ ఉండదు. అవే బండ్లకు మరో రోజు వడ్లు, మొక్కజొన్నలు, కోకో గింజలు కిరాయికి వస్తాయి. గెలలకు పైన కప్పే పరదా లేకపోయినా నడుస్తుంది గానీ గింజలకు నడవదు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనుల నుంచి బొగ్గు మోసే లారీలకైతే పరదా లేకపోతే వెనకొచ్చేవాళ్ల కళ్లలో బొగ్గు పొడే.

లోడు కట్టేచోట నిలబడితే ఎవరో ఒకరు అడుగుతుంటారు: "పరదా కడితే డీజిల్ ఏమన్నా మిగుల్తుందా బావా?" మిగులుతుంది. ఎంతన్నది మాత్రం బండి వేగాన్ని బట్టి, ఆ పరదా కట్టిన చేతిని బట్టి ఉంటుంది. వేగం సంగతి లెక్కతో తేలిపోతుంది. చేతి సంగతి దగ్గర నిలబడి చూడాల్సిందే.

ముందు లెక్క. కదిలే బండిని వెనక్కి లాగేవి ముఖ్యంగా రెండు. ఒకటి టైర్ల కింద రోడ్డు, రెండోది ఎదురుగాలి. రోడ్డు లాగేది బరువును బట్టి ఉంటుంది, వేగం పెరిగినా పెద్దగా మారదు. గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. లోడుతో కలిపి మూడు టన్నులున్న బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, స్థూలంగా చూసినప్పుడు మొత్తం అడ్డులో గాలి వాటా మూడో వంతు. 80కి వెళ్తే ఆ వాటా సగం దాటుతుంది. పరదా పొందిగ్గా కట్టి గాలి అడ్డును పదో వంతు తగ్గించారనుకుందాం. 50 మీద నూటికి మూడు వంతుల శ్రమ తగ్గుతుంది. గుంతలు, మలుపులు, గేర్ల మార్పులు పోను డీజిల్‌లో కనిపించేది ఇంకా తక్కువ. ములకలపల్లి వైపు అడవి దారిలో 40 దాటని బండికి అది చిల్లర కింద లెక్క. సత్తుపల్లి మీదుగా ఖమ్మం దాకా హైవేలో పరుగెత్తే బండికి, నెల తిరిగేసరికి, బంకు బిల్లులో తెలుస్తుంది.

ఇక పనితనం. లోడు పొడుగ్గా ఉంటే ఒక పరదా చాలదు, రెండు వేస్తారు. తెలిసినవాళ్లు వెనక పరదా మొదట పరుస్తారు, దాని అంచు మీదికి వచ్చేలా ముందు పరదా తర్వాత వేస్తారు. తాటాకు ఇల్లు కప్పేటప్పుడు చూరు దగ్గర మొదలుపెట్టి నడికొప్పు దాకా ఎక్కినట్టే ఇది కూడా. ఇంటి మీద నీళ్లు జారిపోవడానికి ఆ వరస, బండి మీద గాలి జారిపోవడానికి ఈ వరస. తిరగేసి వేస్తే అతుకు సరిగ్గా ఎదురుగాలికి తెరుచుకుంటుంది. ఇరవై కిలోమీటర్లు పోకముందే లోపలికి గాలి దూరి పరదా పొట్ట ఉబ్బుతుంది.

ముందు మూలల మడత ఇంకా సూక్ష్మమైన పని. పక్కలకు వేలాడే గుడ్డను మొదట లోపలికి మడుస్తారు. ఆ తర్వాత ముందువైపు గుడ్డను దాని మీదుగా చుట్టి వెనక్కి లాగి కడతారు. చివరికి మడత నోరు బండి తోకవైపు ఉంటుంది. గాలి ఎంత రాసుకుపోతే ఆ మడత అంత అతుక్కుంటుంది. కొత్త కుర్రాడు దీన్ని తారుమారు చేస్తే పైనున్న పెద్దాయన "విప్పు తమ్ముడూ, మూల మళ్లీ కడదాం" అంటాడు గానీ అలాగే పోనివ్వడు. మొత్తం కట్టులో నాకు అన్నిటికన్నా నచ్చే చోటు ఆ మూలే. జానెడు గుడ్డ ఏ వైపుకు తిరగాలో తెలియడంలో ఎంత అనుభవం ఉందో చూడండి.

తాడు బిగించే తీరు కూడా ఆగి చూడదగ్గదే. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేస్తారు. కొసను కిందికి తెచ్చి బాడీ కొక్కేనికి తిప్పి, పైకి తీసుకెళ్లి ఆ ఉచ్చులో దూర్చి, మళ్లీ కిందికి లాగుతారు. ఒంటి బలం సూత్రప్రకారం మూడింతలవుతుంది. రాపిడికి పోయింది పోగా చేతికి దక్కేది అంతకన్నా తక్కువే. మనిషి ఒక కాలు డోరుకు తన్నిపెట్టి, నడుము వెనక్కి వాల్చి, ఒంటి బరువంతా తాడు మీద వేస్తాడు. చివర జారుముడి. దారంతా కుదుపులకు కదలదు, గమ్యం చేరాక కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే విడిపోతుంది. లాగిన తాడు ఒక కొక్కెం నుంచి ఎదుటి వైపు కొక్కేనికి ఏటవాలుగా దాటుతూ పోవాలి. నేరుగా అడ్డంగా వేస్తే తాడుకూ తాడుకూ మధ్య గుడ్డ లేచి ఆడుతుంది.

ఆ ఆడటమే డీజిల్ తాగేది. బిగుతుగా పరిచిన గుడ్డ మీదుగా గాలి జారిపోతుంది. అదే గుడ్డ జెండాలా కొట్టుకుంటే గాలి అడ్డు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ కొట్టుకోవడానికి కావలసిన శక్తంతా ఇంజనే ఇవ్వాలి. డీజిల్ ఆదా అవుతుందని పరదా కట్టి, దాన్ని వదులుగా వదిలేస్తే అసలు కట్టనిదే నయం. పైగా అంచు చిరుగుతుంది. చిరుగు ఎక్కువగా తాడు కట్టే కన్నం దగ్గరే మొదలవుతుంది. మంచి పరదా కుట్టేవాళ్లు అందుకే అంచును రెండు పొరలుగా మడిచి, లోపల తాడు పెట్టి, దబ్బనంతో కుట్టి, ఆ తాడుకు లోపలివైపున రింగు కొడతారు. లాగుడంతా గుడ్డ మీద పడకుండా ఆ తాడు మీద పడుతుంది. మూలలకు పాత పరదా ముక్కతో మరో అతుకు వేస్తారు. చేత్తో తడిమితే ఆ మూల చెప్పు తోలంత మందంగా తగులుతుంది.

బయల్దేరిన కాసేపటికి లోడు కుదురుకుంటుంది, గింజలు సర్దుకుని అంగుళమో రెండంగుళాలో దిగుతాయి, తాళ్లు వదులవుతాయి. ఒకసారి ఆగి మళ్లీ బిగించే డ్రైవరు పని తెలిసినవాడు. ఇంకొందరు రింగుకూ కొక్కేనికీ మధ్య పాత ట్యూబు కోసిన రబ్బరు ముక్క కడతారు. లోడు దిగితే ఆ రబ్బరు ముడుచుకుని బిగువు నిలుపుతుంది. పారేసే ట్యూబుతో ఇంత పని తీయించిన తెలివికి దండం పెట్టాలి.

ఇప్పుడు ఖాళీ ట్రిప్పు సంగతి. గెలల బండికి సగం ప్రయాణం ఖాళీయే, మైలేజీ ప్రశ్న నిజంగా తగిలేది కూడా అక్కడే. బరువు తగ్గాక రోడ్డు లాగేది తగ్గుతుంది, గాలి మాత్రం అంతే ఉంటుంది. అంచేత అదే 50 వేగంలో గాలి వాటా సగానికి దగ్గరవుతుంది. ఖాళీ బండికి వెనక డోరు దించితే గాలి సాఫీగా వెళ్లిపోతుందని చాలామంది అనుకుంటారు. కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన కెవిన్ కూపర్ 2004లో ప్రచురించిన పత్రం పేరులోనే దానికి జవాబు ఉంది: డోరు మూసే ఉంచండి. డోరు మూసి ఉంటే బాడీ లోపల గాలి సుడిగా తిరుగుతూ నిలుస్తుంది, పైన వచ్చే గాలి దాని మీదుగా దాటిపోతుంది. బాడీ మీద చదునుగా కప్పు వేస్తే అడ్డు ఇంకొంచెం తగ్గుతుంది. అక్కడి పికప్పుల ఆకారం వేరు. మన బండ్లకు నిటారు క్యాబిను, పక్కల జాలీ, క్యాబినుకూ బాడీకీ మధ్య సందు ఉంటాయి కాబట్టి ఆ అంకెలను ఇక్కడికి దించుకోలేం. డోరు మూసి పెట్టమన్న సలహాకు మాత్రం రూపాయి ఖర్చు లేదు.

ఖాళీ బాడీ మీద పరదా కట్టడం నిండు లోడు మీద కట్టడం కన్నా కష్టం. కింద ఆనిక ఉండదు. పైన పరుగెత్తే గాలి గుడ్డను పైకి గుంజుతుంది, వాన పడితే అదే గుడ్డ కిందికి గుంటపడుతుంది. దాదాపు తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పున్న బాడీ మీద సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 46 కిలోల బరువు. అందుకే చేయి తిరిగినవాళ్లు బాడీకి అడ్డంగా వంచిన ఇనప కమ్మీలు వేయించుకుంటారు. మధ్య కమ్మీ రెండు మూడంగుళాలు ఎత్తుగా ఉంటే నీళ్లు పక్కలకు జారతాయి, గుడ్డ బిగువుగా నిలుస్తుంది. అంతకన్నా ఎత్తు పెంచితే గాలికి కొత్త గోడ కట్టినట్టే. కమ్మీల కొసలు గుడ్డను కోయకుండా వాటికీ ఆ ట్యూబు ముక్కలే తొడుగుతారు.