ముందుదా, వెనకదా?

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగిన కారు షెడ్డుకొస్తే ముందుగా బయటికి తీసేది స్కానర్. అందులో పీ0420 అనే కోడ్ కనిపించిందా, చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: ‘‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చాలి.’’ ఓనరు డబ్బు కడతాడు. కొత్త సెన్సర్ పడుతుంది, లైటు ఆరిపోతుంది. కొన్నాళ్లకు అదే బొమ్మ, అదే కోడ్. అసలు ఆ కోడ్ సెన్సర్ చెడిందని అననే లేదు. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పని తగ్గిందంది. ఆ సంగతి పట్టుకున్నది వెనక సెన్సర్. తీసి చెత్తబుట్టలో పారేసిందీ దాన్నే.

చాలా పెట్రోలు కార్లలో ఈ సెన్సర్లు కనీసం రెండు. చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి. ఎక్కువ కార్లలో రెండింటికీ 22 నంబరు పానాయే పడుతుంది. పనులు మాత్రం వేరు. ముందుది ఇంజిన్‌కూ కన్వర్టర్‌కూ మధ్య ఉండి, అప్పుడే వెలువడిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తుంది. ఒక పాలు పెట్రోలుకు తూకంలో 14.7 పాళ్ల గాలి అన్న లెక్క తప్పకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలును క్షణక్షణం సర్దేది ప్రధానంగా దీని మాట మీదే. వెనకది కన్వర్టర్ దాటాక ఉంటుంది. శుద్ధి సరిగా జరిగిందా లేదా చూడటం దాని ముఖ్యమైన పని. ముందుది చెడితే మైలేజీ పడిపోవచ్చు, పికప్ తగ్గొచ్చు. వెనకది చెడితే మామూలుగా నడిపేవాడికి తేడా తెలియదు.

మొదట్లో ఒక్క సెన్సరే ఉండేది. జర్మనీకి చెందిన బాష్ తయారుచేసిన సెన్సర్‌ను 1976లో వోల్వో తన కార్లలో అమర్చింది. కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలు అందుకు పురికొల్పాయి. కన్వర్టర్ మీద కాపలాగా రెండోది తప్పనిసరైంది 1996 మోడళ్ల నుంచి అమెరికాలో ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టే పద్ధతి, వచ్చాక. మన దేశంలో ఆ పద్ధతి 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకు వచ్చింది. అందుకే అంతకుముందు కార్ల మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలకు ‘ఆక్సిజన్ సెన్సర్’ అంటే ఇప్పటికీ ఒకటే గుర్తొస్తుంది. అది వాళ్ల పనితనంలో లోపం కాదు. నేర్చుకున్న రోజుల్లో వాళ్ల ముందున్న బండ్లు అలాంటివి.

ఏది ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంజిన్ నుంచి పొగ వెళ్లే దారినే పట్టుకుని పోవాలి. కన్వర్టర్‌కు ముందు తగిలేది ఒకటో సెన్సర్, దాటాక తగిలేది రెండోది. మన రోడ్ల మీది చిన్న కార్లలో కన్వర్టర్ సాధారణంగా మానిఫోల్డ్‌ను ఆనుకునే ఉంటుంది కాబట్టి రెండూ జానెడు దూరంలో కనిపిస్తాయి. ఒకటి బానెట్ ఎత్తితే అందుతుంది, రెండోదానికి చాలాసార్లు బండి కిందికి దూరాలి. వీ6 ఇంజిన్ అయితే సిలిండర్లు రెండు వైపులా ఉంటాయి, అంటే రెండు బ్యాంకులు. ఒకటో సిలిండర్ ఉన్న వైపు బ్యాంక్ 1. ఇక్కడే పెద్ద చిక్కు. అమెరికా వీడియోలో ‘డ్రైవర్ సైడ్’ అన్నారని మన డ్రైవరు కూర్చునే వైపు పానా పెడితే పని తప్పినట్టే. అక్కడ స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది. సిలిండర్ల వరస సర్వీస్ మాన్యువల్లో చూసుకోవాల్సిందే.

కోడ్‌లు కూడా ఈ లెక్కనే నడుస్తాయి. పీ0135 అంటే బ్యాంక్ 1లో ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్, పీ0141 అంటే అదే బ్యాంకులో వెనకదాని హీటర్. సెన్సర్ లోపలి జిర్కోనియా పింగాణీ సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ సరిగా పనిచేయదు. అది త్వరగా వేడెక్కడానికే ఈ హీటర్.

అసలు అందం స్కానర్ లైవ్ డేటాలో ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి చూస్తే, మామూలు రకం ముందు సెన్సర్ గీత 0.1 వోల్టుకూ 0.9 వోల్టుకూ మధ్య చకచకా పైకీ కిందికీ పోతుంది. పెట్రోలు ఎక్కువైతే పైకి, గాలి ఎక్కువైతే కిందికి. వెనక గీత 0.6, 0.7 దగ్గర దాదాపు కదలదు. కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్‌ను దాచుకుంటూ, అవసరమైనప్పుడు వదులుతూ ఆ ఎగుడుదిగుళ్లను మింగేస్తుంది. వెనక గీత కూడా ముందుదానిలా గంతులేస్తోందంటే ఆ దాచుకునే శక్తి అయిపోయిందని అనుమానించాలి. అప్పుడు కూడా మానిఫోల్డ్ జాయింట్ల దగ్గర పొగ లీకవుతోందేమో ముందు చూడాలి. చిన్న సందులోంచి బయటి గాలి చొరబడినా సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది.

అన్ని బండ్లకూ ఈ గీతల గుర్తు వర్తించదు. టొయోటా కార్లు చాలావాటిలో ముందుది ఎయిర్-ఫ్యూయెల్ రకం. అది అలా ఎగిరెగిరి పడదు. దాన్ని చూసి చెడిపోయిందనుకోవడం మరో ఖరీదైన పొరపాటు.

వెనక సెన్సర్ కింద చిన్న స్పేసర్ బిగించి, పొగకు కాస్త దూరం జరిపి, లైటు రాకుండా చేసేవాళ్లున్నారు. ప్లాటినం, పలాడియం, రోడియం కోసం కన్వర్టర్‌నే పీకి అమ్మేశాక ఈ ఏర్పాటు చేసేవాళ్లూ ఉన్నారు. ఇది పనితనం కాదు, మోసం. కారులో ఉన్న సెన్సర్లు చాలావరకు బండి బాగు కోసం, ఎక్కినవాళ్ల క్షేమం కోసం. ఈ సెన్సర్ మాత్రం వెనక స్కూటర్ మీద వస్తున్నవాళ్ల ఊపిరి కోసం.

మంచి మెకానిక్ కొత్త సెన్సర్ బిగించేటప్పుడు యాంటీసీజ్ పేస్టును మరలకే రాస్తాడు, కొనకు తగలనివ్వడు. వైరు పక్కకు పోయేలా గాడి ఉన్న సాకెట్ వాడతాడు. కోడ్ చెరిపి, లైటు ఆరింది కదా అని వెంటనే తాళం చేతిలో పెట్టడు. కోడ్ చెరిపితే ఈసీయూ కన్వర్టర్ పరీక్షను మళ్లీ మొదటి నుంచి మొదలెడుతుంది. అది పూర్తవ్వాలంటే బండి వేడెక్కాలి, కొంతసేపు నిలకడైన వేగంతో రోడ్డు మీద తిరగాలి. స్కానర్‌లో క్యాటలిస్ట్ ఎదురుగా ‘కంప్లీట్’ అని వచ్చాకే ఆయన బిల్లు రాస్తాడు.