జెల్ల ముల్లు తెలిసిన చేతులు

పల్నాడుకు సముద్రం లేదు, కృష్ణ ఉంది. మాచర్ల అవతల విజయపురి సౌత్ మొదలుకుని సత్రశాల, పులిచింతల మీదుగా అమరావతి దాకా ఆ నదిని నమ్ముకుని వలలు వేసేవాళ్లున్నారు. వలలో బొచ్చె, రాగండి పడితే చేయి చొరవగా పోతుంది. జెల్ల పడితే ఆగుతుంది.

ఆగాలి కూడా. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, పక్క రెక్కలకు చెరొకటి. బెదిరిందా, గడియ పడ్డట్టు ఆ మూడూ నిక్కి బిగుసుకుంటాయి; నొక్కితే వంగవు. రంపపు పళ్లున్న అంచు దిగేటప్పటికంటే లాగేటప్పుడే ఎక్కువ చీరేస్తుంది. దాని దాయాది ఇంగిలాయి ముల్లయితే మంట మరీ ఘోరం. పాము కోరకున్నట్టు ఈ ముళ్లకు విషం పారే దారి లేదు. ముల్లును కప్పిన పలచని చర్మం కింద విషకణాలుంటాయి, పోటుకు ఆ చర్మం చిరిగి విషం గాయంలో కలుస్తుంది. చేప దూకి కరవదు. ముల్లును లోపలికి దించేది పట్టుకున్నవాడి పట్టే.

అనుభవమున్న చేయి ఈ సంగతి ఎరిగే కదులుతుంది. పొట్ట వైపు నుంచి పోయి, పక్క ముళ్ల వెనక వేళ్లు ఆనించి, ఒరుసుకోకుండా చేపను నిలబెడుతుంది. ఆ తర్వాత శ్రావణంతో ముల్లును మొదలంటా విరుస్తుంది. చూడటానికి క్షణం పని. ఏ బడీ నేర్పని శరీరశాస్త్రం అందులో ఉంది, దానికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

జెల్ల లాంటి మీసాల చేపల్లో కనీసం 1,250 జాతులకు, బహుశా 1,600కు పైగా జాతులకు విషం ఉండొచ్చని 2009లో జెరెమీ రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త అంచనా వేశారు. వాటిలో బాగా పేరుపడ్డది సముద్రంలో ఉండే ప్లోటోసస్ లినియేటస్. నల్లటి ఒంటి మీద తెల్లచారలు, సన్నగా సాగిన తోక. ఎర్రసముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ దాకా దాని నివాసం. పగడపు దిబ్బల్లో కాపురం చేసే మీసాల చేపలు చాలా అరుదు, ఇది వాటిలో ఒకటి. పిల్లలు వందకు పైగా ఒకే ముద్దగా కదులుతాయి. పెద్దవి పగలు రాతి చూరుల కింద దాగి, రాత్రి మీసాలతో ఇసుక తడుముతూ పురుగులనూ రొయ్యలనూ ఏరుకుంటాయి. ఒంట్లో చేరిన ఉప్పును బయటికి తోసేందుకు వాటికి ప్రత్యేక అవయవమే ఉంది. ఇసుకలో దాగిన పురుగు ఊపిరికి నీటి ఆమ్లత ఇసుమంత మారినా, వీటి జపాన్ దాయాది ఆ మార్పును పసిగడుతుందని 2014లో తేలింది. సూయెజ్ కాలువ దాటి మధ్యధరాలో వ్యాపించిన ప్లోటోసస్‌ను 2019లో యూరోపియన్ యూనియన్ హానికర జాతుల జాబితాలో చేర్చింది.

కృష్ణ జెల్ల పొడిచినా, సముద్రపు చేప పొడిచినా మొదటి వైద్యం ఒకటే: గాయాన్ని కడిగి, చర్మం కాలనంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీల్లో, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచడం. వేడి ఈ విషపు ప్రోటీన్లను చెడగొడుతుంది. ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పాకినా ఆస్పత్రికి పోవాల్సిందే.

చచ్చిన చేప ముల్లు కూడా గుచ్చుతుంది. నరసరావుపేట బజారులో జెల్లలు కొనేవాళ్లు ముళ్లు అక్కడే తీయించుకోవడం మేలు. తీసిన ముళ్లను నేల మీద పారేయకుండా డబ్బాలో వేయించాలి. ఆ బజారులో చెప్పుల్లేకుండా తిరిగే కాళ్లు చాలా ఉంటాయి.