తొమ్మిదిన్నర వేల పౌండ్లు, ఒక కప్పీ

వాన వెలిసిన గంటకే నల్లరేగడి చేలోకి బండి దింపితే ఏమవుతుందో కర్నూలు, ఆదిలాబాద్ వైపు రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది. టైరు గాళ్లలో కూరుకుని వాటిని పూడ్చేస్తుంది. ఎంత ఖరీదైన మడ్ టైరైనా నాలుగు చుట్లు తిరిగేసరికి నున్నబడుతుంది. ఆపైన యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ బండి ముందుకు పోదు, కిందికి పోతుంది. థార్, జిమ్నీ కొన్న కుర్రాళ్లు ఇలాంటి చోట ఒకసారి దిగబడి, ట్రాక్టర్ వచ్చేదాకా గట్టు మీద పడిగాపులు కాశారంటే, ఇంటికి రాగానే, మోటారుతో తాడు చుట్టి బండిని బయటికి లాగే వించ్‌ల ధరలు చూడటం మొదలుపెడతారు. ఆ తర్వాత నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని పౌండ్లది తీసుకోమంటావు?"

దీనికి అందరూ చెప్పే లెక్క ఒకటుంది. మనుషులతో, సామానుతో కలిపి బండి ఎంత తూగుతుందో చూసి, దానికి ఒకటిన్నర రెట్లు లాగే వించ్ తీసుకోవాలి. నలుగురు ఎక్కి సామాను వేసిన థార్ సుమారు 2200 కిలోలు అనుకుందాం. ఒకటిన్నర రెట్లంటే 3300 కిలోలు, దాదాపు 7300 పౌండ్లు. అంటే 8000 పౌండ్ల వించ్ సరిపోతుంది, 9500 అయితే కాస్త వెసులుబాటు. జిమ్నీకి 8000 పౌండ్లది ధారాళం. లెక్క తప్పని నేననను. కానీ డబ్బా మీది అంకెను చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు భయం.

ఆ అంకె నిజమయ్యేది ఒక్క సందర్భంలోనే. డ్రమ్ము మీద తాడు చివరి వరసకు, అంటే డ్రమ్మును అంటిపెట్టుకున్న మొదటి పొరకు వచ్చినప్పుడే వించ్ పూర్తి బలం చూపిస్తుంది. పతంగి ఎగరేసినవాళ్లకు ఇది చేతికి తెలిసిన సంగతే: చరఖా మీద దారం లావుగా ఉన్నప్పుడు ఒక్కో చుట్టుకు ఎక్కువ దారం వస్తుంది, కానీ పతంగి గట్టిగా గుంజుతుంటే చుట్టడం కష్టమవుతుంది. ఇక్కడా అంతే. డ్రమ్ము మీద పొర పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది, నాలుగో పొరకు చేరేసరికి మూడో వంతు దాకా పోతుంది. 9500 పౌండ్లంటే 4300 కిలోలు. చెట్టు దగ్గరలో ఉందని నాలుగైదు మీటర్ల తాడే లాగి కట్టారనుకోండి, మీ చేతిలో ఉన్నది దాదాపు 2900 కిలోల వించ్.

అవతలి పక్క లెక్క ఇంకా కఠినం. సైన్యంలో దిగబడ్డ వాహనాల్ని బయటికి లాగేవాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం, చక్రాల మట్టానికి కూరుకుపోయిన బండిని కదిలించాలంటే బండి బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా మునిగితే రెండింతలు. మన థార్‌కు 4400 కిలోలు! 9500 పౌండ్ల వించ్ తన సర్వశక్తులూ ఒడ్డినా చాలదు.

అందుకే నన్నడిగితే, మొదటి వించ్ కొనేవాళ్లు ముందు కొనాల్సింది కప్పీ, ఆ తర్వాతే వించ్. వించ్ నుంచి వచ్చిన తాడును చెట్టు దగ్గర కట్టిన కప్పీలో తిప్పి, కొసను తిరిగి మన బండి ఛాసిస్‌కే తగిలిస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది. కొంత రాపిడిలో పోతుంది, పోనివ్వండి. వేగం సగమవుతుంది, అది మంచిదే. పైగా రెండింతల తాడు బయటికి రావాలి కాబట్టి డ్రమ్ము మీద పొరలు తగ్గుతాయి, ఆ బలం కూడా కలిసొస్తుంది. మోటారు మీద భారం సగానికి పడిపోతుంది. పూర్తి భారంతో లాగేటప్పుడు 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. మన బండ్ల ఆల్టర్నేటర్ ఇచ్చేది అందులో నాలుగో వంతు దగ్గర, మిగతాదంతా బ్యాటరీ ఇవ్వాల్సిందే. కప్పీ వేసినవాడి బ్యాటరీ సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కూడా స్టార్ట్ ఇస్తుంది. 12000 పౌండ్ల వించ్ కొని ముందు స్ప్రింగుల మీద బరువు మోపడం కన్నా, 8000 పౌండ్లది కొని మంచి కప్పీ పక్కన పెట్టుకోవడం మేలు.

ఒక్క జాగ్రత్త. కప్పీ వేసినప్పుడు చెట్టుకు చుట్టిన పట్టీ మీద, షాకిల్ మీద రెండు పాయల బరువూ పడుతుంది. అవి వించ్ బలానికి రెండింతలైనా తట్టుకునేవై ఉండాలి. పట్టీ కనీసం అరచేయంత వెడల్పుండాలి, చెట్టు మొదట్లో కట్టాలి. తాడును నేరుగా చెట్టుకు చుట్టి లాగితే బెరడు కోసుకుపోతుంది. ఆకులు చేసిన ఆహారం వేళ్లకు చేరేది ఆ బెరడు లోపలి పొర ద్వారానే. చుట్టూ తెగితే చెట్టు నిలబడే ఎండిపోతుంది. చేనిగట్టు మీది తుమ్మ అయినా సరే, అది రైతు చెట్టు.

పార కూడా బండిలో ఉండాలి. చక్రం ముందున్న మట్టి నాలుగు పారలు తీస్తే వించ్ పని ఎంత తేలికవుతుందో, అది చేసి చూసినవాళ్లే నమ్ముతారు. సూర్యలంక లాంటి ఇసుక తీరాల్లో అయితే చాలాసార్లు వించ్ ముట్టుకోవాల్సిన పనే ఉండదు. టైర్లలో గాలి 15 పీఎస్ఐ దాకా దించితే ఇసుక మీద టైరు పరుచుకుంటుంది, బండి తనంతట తానే లేస్తుంది. అక్కడ కట్టడానికి చెట్లూ తక్కువే. తప్పనిసరైతే స్టెప్నీని లోతుగా పాతి దానికి తగిలించాలి. ఎండలో అది గంట చాకిరీ.

ఇక తాడు. ఇనుప వైరా, సింథటిక్ తాడా? మొదటిసారి కొనేవాళ్లకు నేను సింథటిక్కే చెబుతాను. వైరు బలంగా లాగబడి ఉన్నప్పుడు తెగితే అందులో నిలవున్న శక్తి అంతా ఒక్కసారి విడుదలవుతుంది, కొరడాలా విసురుతుంది. ఎదురుగా మనిషి ఉంటే ప్రాణం తీస్తుంది. పాతబడిన వైరు నుంచి పోగులు విచ్చుకుని, గ్లవ్స్ లేని చేతుల్ని చీరేస్తాయి. సింథటిక్ తాడు తేలిక, తెగినా అంత విసురుండదు. దాని శత్రువులు వేరు: ఎండ, ఇసుక, వేడి, రాయి. కొన్ని వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బండిని కిందికి దించేటప్పుడు అది కాలి తాడును పాడుచేస్తుంది. కాబట్టి సింథటిక్ తాడు వేయబోతున్నామని ముందే చెప్పి దానికి తగిన వించ్ అడగండి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటు బండల మీదే మీ తిరుగుడంతా అయితే మాత్రం ఇనుప వైరు ఆలోచించొచ్చు, లేదంటే సింథటిక్ తాడుకు రాపిడి తట్టుకునే తొడుగు తప్పనిసరి.

నాకు కంటిమీద కునుకు లేకుండా చేసే విషయం మరొకటి ఉంది. మన ఊళ్లలో బండి దిగబడిందంటే పది నిమిషాల్లో ఊరంతా చేరుతుంది. సాయం చేద్దామనే వస్తారు. పిల్లలు తాడు పక్కనే గొంతుక్కూర్చుంటారు. పెద్దాయన ఎవరో చెప్పులు చేత్తో పట్టుకుని తాడు దాటబోతాడు. అప్పుడు రిమోట్ కింద పెట్టేయాలి. "తాతా, కాస్త ఆ వేపచెట్టు దాకా వెళ్లు, నీకు దండం పెడతా" అని బతిమాలాలి. తాడు ఎంత పొడవు చాచారో అంతకన్నా ఎక్కువ దూరం అందర్నీ జరపాలి, కప్పీ వేస్తే తాడు రెండు పాయల మధ్య కోణం లోపల ఎవ్వరూ ఉండకూడదు. తాడు మీద దుప్పటో, మట్టి పోసిన గోనెసంచో వేయాలి. ట్రైలర్ తగిలించే గుండుకు కొక్కెం ఎప్పుడూ వేయకూడదు, అది ఊడి ఫిరంగి గుండై వస్తుంది. ఇవన్నీ అయ్యేదాకా బటన్ నొక్కడానికి వీల్లేదు, మబ్బు కమ్ముకొస్తున్నా సరే.

బిగించడం సంగతి క్లుప్తంగా. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చూపిస్తూ. వించ్ కోసం వేసే పెద్ద ఇనుప బంపరు ఎయిర్ బ్యాగుల పనితీరుకు కూడా మంచిది కాదు. కంపెనీ బంపరు వెనక దాగి ఉండేలా ఛాసిస్‌కు బిగించే ప్లేటు దొరికితే చూడండి, ఏదైనా బిగించే ముందు ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో అడగండి.

ఏడాదికి రెండు మూడుసార్లే మట్టిలోకి దిగేవాళ్లయితే, కరెంటు లైన్లు లాగేవాళ్లు వాడే టిర్ఫర్ అనే చేతి వించ్ కొనండి. చేత్తో లీవరు ఆడించాలి, చెమట పడుతుంది. కానీ బ్యాటరీ అడగదు, బంపరు కోయక్కర్లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా బండి వెనక కూడా తగిలించొచ్చు. ముందు బిగించిన వించ్ బండిని ఇంకా లోపలికే లాగుతుంది. వచ్చిన దారినే వెనక్కి పోవడం చాలాసార్లు దగ్గరి దారి. గోవాలో 2014లో మొదలైన వానాకాలపు రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి పోటీల్లో వేగంగా లాగే వించ్‌లకు విలువుంది. మనకు గడియారంతో పోటీ లేదు.

వించ్ బిగించాక మొదటి ఆదివారం పొడినేల మీద, కొంచెం ఎత్తుగా ఉన్న చోటికి వెళ్లండి. కొత్త తాడు డ్రమ్ము మీద వదులుగా చుట్టి వస్తుంది. అలాగే వాడితే పై పొర కింది పొరల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది. సింథటిక్ అయితే ఎనిమిది పది చుట్లు, ఇనుము అయితే ఐదు చుట్లు డ్రమ్ము మీద ఉంచి మిగతాదంతా విప్పి, చెట్టుకు కట్టి, బండి బరువు పడేలా మెల్లగా చుట్టుకోండి. గ్లవ్స్ వేసుకోండి. రెండోసారి రిమోట్ మీ పక్క సీట్లో కూర్చునే మనిషికివ్వండి, భార్యో, తమ్ముడో, స్నేహితుడో. క్లచ్ వదలడం, కప్పీ పెట్టడం, జనాన్ని జరపడం వాళ్ల చేత చేయించండి. మారేడుమిల్లి అడవి దారిలో మీ కాలు బెణికిన రోజున బండిని బయటికి తీయాల్సింది వాళ్లే.