జన్యువుకు అటూ ఇటూ

ఆలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలు చూసినవాళ్లు కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి దగ్గర కూడా ఆగుతారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని ఆ గుడిని రాయి రాయి విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ పేర్చారు. గుడి పాతది, నేల కొత్తది. మట్టి బాక్టీరియాల జన్యువులను పోల్చేటప్పుడు నాకు తరచూ ఆ గుడే గుర్తొస్తుంది.

మాది పత్తి చేను. "కొట్టిన మందంతా ఎటు పోతది బిడ్డా?" అని నాయిన అడిగేవాడు. కొంత ఎండకు, కొంత వానకు పోతుంది. కొంత మట్టిలోని సూక్ష్మజీవులు విరిచేస్తాయి. 1973లో సేతునాథన్, యోషిడా ఫిలిప్పీన్స్ వరి మడి నుంచి డయాజినాన్ అనే పురుగుమందును విరిచే ఫ్లేవోబాక్టీరియాన్ని వేరుచేశారు. అమెరికాలో దొరికిన సూడోమోనాస్ డిమిన్యూటా పారాథియాన్ అనే మరో పురుగుమందును విరిచేది. రెండింటిలోనూ ఆ పని ఓపీడీ అనే జన్యువుదే, సుమారు వెయ్యి అక్షరాల పొడవు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒక్కటే!

కొత్తలో నేను అక్కడితో ఆగిపోయేదాన్ని. జన్యువును ఉంచుకుని, అటూ ఇటూ ఉన్న వరుసను కత్తిరించేసేదాన్ని. ఇప్పుడు ముందు చదివేది దాన్నే. ఓపీడీ రెండు జీవుల్లోనూ ప్లాస్మిడ్ మీదే ఉంది, అంటే క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్ఏ చుట్ట మీద. కానీ ఆ ప్లాస్మిడ్లు ఒకటి కావు. జన్యువు దాటి కొంత దూరం పోతే పోలిక తెగిపోతుంది. దూరపు చుట్టాల్లో తాతల నాటి జన్యువైతే ఇన్ని తరాల్లో అక్షరాలు మారకుండా ఉండవు. ఇది ఎక్కడినుంచో వచ్చి కూర్చున్నది. అదీ ఈమధ్యనే కావచ్చు; పారాథియాన్ మనిషి చేతిలో పుట్టిందే 1940లలో మరి.

మోసుకొచ్చిందేమిటి? ఆ ఆచూకీ మాకు తుంగభద్ర అవతలి నుంచే వచ్చింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో దయానంద సిద్ధవట్టం బృందం ఫ్లేవోబాక్టీరియంలోని ఓపీడీ పరిసరాలను అక్షరం అక్షరం చదివి, చోటు మార్చే జన్యువుల అమరిక అక్కడ ఉందని 2003లో చూపింది. జన్యువును వదిలి దాని పొరుగును చదవడానికి ఎంత ఓపిక కావాలో, ఆ పనిలో ఉన్న నాకు తెలుసు.

నిన్న మా చేను మట్టి వేసిన పళ్లెం ఒకటి పసుపెక్కింది. మిథైల్ పారాథియాన్ విరిగితే పారానైట్రోఫినాల్ పుట్టి వచ్చే రంగు అది. అందులో ఓపీడీయే ఉందో, వేరే జన్యువుందో ఇంకా చూడాలి. ఒక్క జన్యువు కాదు, మొత్తం జీనోమ్ చదివించమని రాసి పంపాను.