అమరావతి శిల్పములు: ఒక స్తూపము, రెండు పట్టికలు

అమరావతీ శిల్పములను గూర్చి సి. శివరామమూర్తిగారు రచించిన గ్రంథము 1942లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియము ప్రచురణముగా వెలువడినది. శిల్పములను నాలుగు దశలుగా విభజించుటయందును, దానశాసనములను సమకూర్చుటయందును అది నేటికిని ప్రామాణికము.

కాని అది మద్రాసు ఫలకములకే పరిమితము. వాల్టరు ఎలియట్ 1845లో త్రవ్వించి మద్రాసునకు పంపిన శిలలలో చాలభాగము 1859లో లండనునకు తరలినది. ఆ శిలలకు రాబర్టు నాక్సుగారి పట్టిక 1992లో వచ్చినది. ఇట్లు పట్టికలు స్తూపమును గాక, శిలలు చేరిన భవనములను అనుసరించినవి.

విధికుడను చర్మకారుడు తల్లితోను, భార్యాబిడ్డలతోను గూడి పూర్ణఘట ఫలకము నొసగెనని శాసనము. ఆ కుటుంబము దాని నిచ్చినది మ్యూజియమునకు గాదు, మహాచైత్యమునకు.

వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కాలమున స్థానికులే శిలలను కట్టడములకు వాడిరి. మిగిలినవానిలో పెక్కింటిని మద్రాసు మ్యూజియము కాపాడినది. ఆ ఋణము మఱవరాదు. అయినను కాపాడుట వేఱు, స్వంతమగుట వేఱు. లండను శిలలకు 1963 నాటి బ్రిటిషు మ్యూజియము చట్టము అడ్డుగా నున్నది. చెన్నపట్టణపు శిలల విషయము మన దేశములోనిదే. వానిని దాపున నుంచుకొన్న చెన్నపురి ఆంధ్రులమే “అమరావతికి పోనిండు” అని ముందుగా పలుకుట న్యాయము.