రేపటికి ఆగని కల్లు

ఎనుమాముల మార్కెట్‌ యార్డుకు మిర్చి పోటెత్తే కాలం, తాటికల్లు పారే కాలం దాదాపు ఒకటే. మిర్చికి తొందర లేదు. కల్లంలో ఆరుతుంది, బస్తాలకెక్కుతుంది, ధర గిట్టకపోతే కోల్డ్‌ స్టోరేజీలో నెలల తరబడి పడి ఉంటుంది. కల్లుకు ఆ వీలు లేదు. పొద్దున దించింది పొద్దున్నే అమ్ముడుపోవాలి. సాయంత్రానికి దాని రుచే వేరు, మర్నాటికి పుల్లనీళ్లు. గౌడుల వృత్తిలోని గౌరవమూ కష్టమూ రెండూ ఈ ఒక్క లక్షణం చుట్టూనే అల్లుకున్నాయని నాకనిపిస్తుంది.

వరంగల్‌ పొలిమేర దాటి ఏ పల్లె దారి పట్టినా గట్ల మీద తాళ్లు కనిపిస్తాయి. వాటి కింద ఓ పందిరి, రెండు బెంచీలు, కుండలు. అదే మండువ. చాలాచోట్ల బోర్డుండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. గీసేది ఇంటాయన, వడగట్టి పోసేది ఇంటామె, గుడాలు ఉడికించి తెచ్చేది ఆ ఇంటి పెద్దామె. ప్లాస్టిక్‌ జగ్గులు వచ్చేశాయి గానీ, ‘అన్నా, రేక కావాలె’ అంటే తాటాకు మడిచి చేతికిస్తారు. రేకలో తాగిన కల్లుకు పచ్చి ఆకు వాసన తోడవుతుంది. స్టీలు గ్లాసులో అది రాదు.

తాడు పూతకొచ్చేదాకా అది ఆడో మగో తెలియదు. అందుకు పన్నెండేళ్లు పట్టవచ్చు, ఇరవయ్యేళ్లూ పట్టవచ్చు. పోతుతాడుకు వేళ్లలాంటి పూగెలలు వస్తాయి, పండుతాడుకు కాయల గెలలు. రెండూ కల్లిస్తాయి, మచ్చిక చేసే తీరు మాత్రం వేరు. పోతుతాటి గెలలను కట్టగట్టి, నొక్కి, చివర పలచగా కోస్తారు. పండుతాటి గెలను కర్రతో సుతారంగా కొట్టి మెత్తబరచాలి. దెబ్బ మించితే గెల చస్తుంది, తగ్గితే చుక్క రాలదు. కొన్నాళ్ల ఈ సేవ తర్వాత ఊట మొదలవుతుంది. అప్పుడు లొట్టి కడతారు.

అక్కణ్నుంచి గీసేవాడికి సెలవు లేదు. పూటపూటా ఎక్కి పాత కోత మీద ఆకు మందాన కొత్త కోత వేయాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, అసలు కోయకపోతే కోత ముఖం ఎండి ఊట మూసుకుపోతుంది. ఇంట్లో పెళ్లయినా చావయినా ఎవరో ఒకరు చెట్టెక్కాల్సిందే. ఈత చెట్టుది ఇంకో పద్ధతి. మొవ్వు కింద కాండాన్నే చెక్కి కల్లు తీస్తారు, నడుమ చెట్టుకు విశ్రాంతినిస్తారు. ఏడాదికో పక్క చెక్కడం వల్ల ముసలి ఈతచెట్టు ఒళ్లంతా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఆ మెట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది.

మోకు మనిషినీ చెట్టునూ కలిపి చుడుతుంది. గుజి పాదాలను చెట్టుకు ఆనిస్తుంది. నడుముకు ముత్తాదు, కత్తులు. తరాలుగా ఈ సరంజామాతోనే అరవై డెబ్బై అడుగులు ఎక్కారు, పడ్డారు కూడా. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కిట్లు పంచడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల దేవుడు. ఆయన మీద భారం వేసి ఎక్కి నడుములు విరిగిన వాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ కిట్టు యాభై ఏళ్ల కిందే రావాల్సింది.

గెల నుంచి జారే చుక్క కల్లు కాదు, తియ్యటి నీరా. నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెరే. లొట్టి లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగానే దిగుతుంది. హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డులో 2023 మేలో తెరిచిన నీరా కేఫ్‌ అమ్మకానికి పెట్టింది దీన్నే. సున్నం లేకపోతే లొట్టి గోడల్లో దాగిన ఈస్టులు చెట్టు మీదే పని మొదలెడతాయి. ఈస్టులతో పాటు జైమోమొనాస్‌ అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. ఇంగ్లండులో ఆపిల్‌ రసంతో చేసే సైడర్‌ను చెడగొట్టే తెగులుగా 1912లో దీని గుట్టు రాశారు. మన లొట్టిలో మాత్రం అది ఇంటి మనిషే, కల్లు పొంగులో దానికీ వాటా ఉంది.

ఆపిల్‌ మాట వచ్చింది గనక, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌ దగ్గర మన మండువకు దూరపు చుట్టం ఒకటుంది. కుటుంబాలు నడిపే ఆపిల్‌ వైన్‌ సత్రాలవి. తలుపు మీద ఆకుల దండ వేలాడితే ఇంట పిండిన సరుకు సిద్ధమని గుర్తు. ‘బెంబెల్‌’ అనే నీలి పూల బూడిదరంగు కూజాలోంచి గీతల గ్లాసుల్లో పోస్తారు. పొడుగాటి బల్లల దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. అక్కడా పిండిన తియ్యటి రసానికి ఒక పేరు, సగం పొంగిన దానికి మరో పేరు. అయితే వాళ్లకు చల్లటి నేలమాళిగ ఉంది. శరత్తులో పిండింది వచ్చే ఏడాదిదాకా నిలుస్తుంది. 2022లో జర్మనీ ఆ చేతిపనిని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఎల్లమ్మకు సాక పోయడం దగ్గర్నుంచి చావు దినాల దాకా కల్లు లేనిదే గడవని మనం, గీతను ఇంకా ఎక్సైజు వ్యవహారంగానే చూస్తున్నాం. 1708లో వరంగల్‌ను కొల్లగొట్టిన సర్వాయి పాపన్న ఈ వృత్తివాడేనని గర్వంగా చెప్పుకుంటాం గానీ, వృత్తి సంగతి వచ్చేసరికి నోరు కట్టేసుకుంటాం.

నిలవ ఉండని దాన్ని నిలవబెట్టాలని, చెట్లే లేని నగరానికి రోజంతా పోయాలని చూసినప్పుడే మందు పొడులు వచ్చాయి. క్లోరల్‌ హైడ్రేట్‌, అల్ప్రజోలం, డైజెపాం కలిపిన నీళ్లకు కల్లు పేరు పెట్టారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. ఆ పాపానికీ తాడెక్కే మనిషికీ సంబంధం లేదు, చెడ్డపేరు మాత్రం అతనికే వచ్చింది.

కనుక తాగే అలవాటున్నవాళ్లకు ఒక్క మాట. పొద్దు ఎక్కకముందే మండువకు వెళ్లండి. ఏ చెట్టు కల్లో అడగండి. వేలెత్తి చూపించలేని చోట తాగకండి. చూపించిన చోట బేరం ఆడకండి.